మిస్సమ్మ ఉత్తరాలు: విప్పడం, చదవడం, తెలుగులో రాయడం

నాకు తొమ్మిదేళ్లప్పుడు స్టాంపుల పిచ్చి పట్టింది. మా అమ్మ ట్రంకుపెట్టె అడుగున, పెళ్లిచీర కింద, అమెరికా నుంచి వచ్చిన ఉత్తరాలు ఉండేవి. ఒక మధ్యాహ్నం అమ్మ డ్యూటీకి పోయాక కత్తెర తీసుకుని ఏడు కవర్ల మూలలు కత్తిరించేశాను. ఆ ముక్కలు నీళ్లలో నానబెట్టి, స్టాంపులు ఊడదీసి, నోటుపుస్తకంలో అంటించుకున్నాను. స్టాంపుతోపాటు దానిమీద కొట్టిన ముద్ర కూడా పోయింది. ముద్రతో తేదీ పోయింది, ఊరు పోయింది.

ఆ పాపానికి శిక్షేమో, పోస్టల్ డిపార్ట్‌మెంట్‌లోనే ఉద్యోగం వచ్చింది. చిత్తూరు చుట్టుపక్కల ఆఫీసుల్లో 36 ఏళ్లు ముద్రలు కొట్టి రిటైరయ్యాను. అమ్మ పోయాక పెట్టె తెరిచి చూస్తే, నేను మూల కత్తిరించిన ఆ ఏడు ఉత్తరాలు ఎప్పటివో తేల్చుకోవడానికి ఒక వేసవి మొత్తం పట్టింది.

అమ్మ వేలూరులో నర్సింగు చదివింది. అక్కడ ఆమెకు పాఠాలు చెప్పిన ఒక మెథడిస్టు (ప్రొటెస్టెంటు క్రైస్తవుల్లో ఒక శాఖ) మిస్సమ్మ, అంటే మిషనరీ ఆమె, స్వదేశానికి తిరిగి వెళ్లాక కూడా అమ్మకు రాస్తూనే ఉండేది. మొత్తం 23 ఉత్తరాలు. ఆమె పేరు ఇక్కడ రాయను, వాళ్ల తమ్ముడి పిల్లలు ఇంకా ఉన్నారు. ఆ ఉత్తరాలను తెలుగులోకి తెచ్చి మా చర్చి ఆడవాళ్ల సంఘం స్త్రీల మైత్రికి చిన్న పుస్తకం చేసి ఇచ్చాను. అప్పటి నుంచి పలమనేరు, పుంగనూరు, మదనపల్లె వైపు నుంచి జనం ప్లాస్టిక్ కవర్లలో పాత కాగితాలు పట్టుకుని మా ఇంటికి వస్తున్నారు. వచ్చిన ప్రతివాళ్లకూ చెప్పిందే చెప్పి గొంతు నొప్పి పుట్టింది. అందుకే రాస్తున్నాను.

ఇట్లాంటి పెట్టెలు మన వైపు ఎందుకు ఎక్కువంటే, అమెరికా మిషనరీల ఆర్కాటు మిషన్ 1853లోనే మొదలైంది, చిత్తూరు దాని పాత స్టేషన్లలో ఒకటి. తిరుపతి, నాయుడుపేట వైపు జర్మనీ నుంచి వచ్చిన లూథరన్లు (ఇంకో ప్రొటెస్టెంటు శాఖవాళ్లు) పనిచేశారు. మదనపల్లె పక్కన మిషన్లు పెట్టిన క్షయ ఆసుపత్రి, ఆరోగ్యవరం శానిటోరియం ఉంది. నిజానికి మనది మెథడిస్టుల నేల కాదు. వాళ్ల తెలుగు ఊళ్లు మెదక్, వికారాబాద్, జహీరాబాద్ వైపు. కానీ వేలూరు వైద్యపాఠశాలను చాలా మిషన్లు కలిసి నడిపాయి. అట్లా ఒక మెథడిస్టామె చిత్తూరు పిల్లకు గురువైంది.

ముందు ఏమేం చేయకూడదో

చేతులు సబ్బుతో కడిగి, బాగా తుడిచి, ఆరాక ముట్టుకోండి. గ్లౌజులు వద్దు. గుడ్డ తొడుక్కున్న వేలికి కాగితం అంచు తెలియదు, చించేస్తారు.

సెల్లోటేపు అసలు వద్దు. చినిగిన చోట నేను 1990లో ప్రేమగా టేపు వేశాను. ఇప్పుడా టేపు ఊడిపోయింది కానీ దాని జిగురు మాత్రం పసుపు చారగా కాగితంలోకి దిగిపోయి, కింద రెండు లైన్లు మింగేసింది. లామినేషన్ అంతకన్నా ఘోరం. మా బంధువు ఒకాయన తన తాత ఉత్తరాన్ని బజార్లో ఒక షాపులో లామినేషన్ చేయించాడు. ఆ వేడికి సిరా కమిలింది, ప్లాస్టిక్ ఇక విప్పడానికి లేదు. ఆ షాపు పిల్లవాణ్ణి అని లాభం లేదు, వాడికి అది రేషన్ కార్డులాంటిదే.

గుండుసూదులు, క్లిప్పులు ఉంటే మెల్లగా తీసేయండి, తుప్పు పడుతుంది. న్యూస్‌పేపర్లో చుట్టకండి, మామూలు తెల్లకాగితం మేలు. నాఫ్తలీన్ ఉండలు కాగితానికి తగలకూడదు. గోడకు ఆనించిన అల్మారా వానాకాలం చెమ్మ పీలుస్తుంది, చెదలు కూడా ఆ దారినే వస్తాయి. పెట్టెను గోడకు జానెడు దూరంలో, పీట మీద పెట్టండి.

1800ల నాటి ఉత్తరమైతే సిరా గోధుమరంగులో కనిపిస్తుంది. రాసినప్పుడు అది నల్లగానే ఉండేది. మాచికాయ, అన్నభేది కలిపి చేసే సిరా అది, అందులో ఇనుము ఉంటుంది. ఏళ్లు గడిచేకొద్దీ కాగితాన్ని తినేస్తుంది. అక్షరం ఉన్నచోటే చిల్లు పడుతుంది. అట్లాంటి ఉత్తరాన్ని పదేపదే మడిచి విప్పకండి. ఒక్కసారి విప్పి, ఫొటో తీసి, ఇక ఫొటోలోనే చదవండి.

ఫొటోకు ఫ్లాష్ వద్దు. పొద్దున ఎండ నేరుగా పడని కిటికీ దగ్గర బల్ల వేసి, ఫోను కాగితానికి సమాంతరంగా పట్టుకుని తీయండి. ప్రతి పేజీ ముందువైపు, వెనకవైపు, కవరు రెండు వైపులా. ఖాళీ పేజీని కూడా వదలొద్దు. పక్కన చిన్న చీటీ మీద నంబరు రాసి అది కూడా ఫొటోలో పడేట్టు చూడండి. ఉత్తరం వెనక మూలలో మెత్తని పెన్సిల్‌తో అదే నంబరు వేయండి. పెన్ను వద్దే వద్దు.

అడ్రసు వైపు నుంచి

అందరూ ఉత్తరం విప్పగానే "డియర్" దగ్గర మొదలుపెడతారు. నేను మాత్రం కవరు దగ్గర మొదలుపెట్టమంటాను. ఎవరు రాశారన్నది సంతకంలో ఎట్లాగూ ఉంటుంది. ఎవరికి రాశారు, ఏ ఊరికి, ఏ పేరుతో పిలిచి రాశారు అన్నది తేలితే సగం ఉత్తరం చదివినట్టే.

తేదీ లేని ఉత్తరానికి అడ్రసే పంచాంగం. చిత్తూరు పేరు కింద "నార్త్ ఆర్కాట్" అని ఉంటే అది 1911కు ముందుది అనుకోవచ్చు. ఆ ఏడాది ఏప్రిల్ 1న చిత్తూరు జిల్లా ఏర్పడింది. అంతకుముందు చిత్తూరు ఊరే ఉత్తరార్కాటు జిల్లాకు కేంద్రం. మదనపల్లె ఉత్తరం మీద "కడప జిల్లా" అని ఉన్నా అదే లెక్క. "మద్రాస్ ప్రెసిడెన్సీ" అంటే తెల్లవాళ్ల కాలం. "ఆంధ్ర స్టేట్" అని ఉంటే అదృష్టం, 1953 అక్టోబరు నుంచి 1956 అక్టోబరు దాకా మూడేళ్ల కిటికీ అది. ఆరంకెల పిన్‌కోడ్ ఉంటే 1972 ఆగస్టు 15 తర్వాతిది. అవతలివైపు అమెరికా అడ్రసులో ఐదంకెల జిప్‌కోడ్ ఉంటే 1963 జూలై తర్వాతిది. జనానికి కొత్త అలవాటు కాలేదు కాబట్టి అంకె లేనంత మాత్రాన పాతదని తీర్మానించకండి. అంకె ఉంటే మాత్రం గట్టి సాక్ష్యం.

స్టాంపు సంగతి. మన స్టాంపు అణాల్లో ఉంటే 1957 ఏప్రిల్‌కు ముందు అచ్చయింది, నయా పైసల్లో ఉంటే తర్వాతది. అమెరికా ఏరోగ్రాముల (కవరు లేకుండా మడిచి అంటించే విమానటపా కాగితాల) మీద స్టాంపు అచ్చయ్యే వస్తుంది, అందుకే నా కత్తెరకు దొరకలేదు. అమ్మకు వచ్చినవాటిలో 10 సెంట్లవి ముందువి, 11 సెంట్లవి 1961 నుంచి వచ్చినవి. ఈ ఒక్క సెంటు తేడాతో నాలుగు ఉత్తరాలు వరసలో కూర్చున్నాయి.

ముద్రలు రెండుంటాయి. ముందువైపు బయల్దేరిన ఊరిది, వెనకవైపు చేరిన ఊరిది. రెంటికీ మధ్య ఎన్ని రోజులో లెక్కేయండి. మామూలుగా పది రోజుల్లో వచ్చే ఉత్తరం నలభై రోజులకు వస్తే ఏదో జరిగిందన్నమాట. ఇంకా పాత కవర్ల మీద సీ పోస్టాఫీసు ముద్రలు కూడా కనిపిస్తాయి. బొంబాయికీ ఏడెన్‌కూ మధ్య నడిచే ఓడలోనే కూర్చుని ఉత్తరాలు సార్టింగ్ చేసేవాళ్లు. రైల్లో ఊగుతూ ఆర్.ఎం.ఎస్. (రైల్వే మెయిల్ సర్వీస్) వాళ్లు చేసే పని చూసిన నాకు, సముద్రం మీద ఆ పని ఎట్లా చేశారో తలుచుకుంటేనే కళ్లు తిరుగుతాయి.

తేదీ ఉన్నా మోసపోవచ్చు. ఒక ఉత్తరం మీద 5/3/58 అని ఉంది. మార్చి 5 అని రాసుకున్నాను. లోపల చూస్తే మా తమ్ముడు పుట్టినందుకు అభినందనలు. వాడు పుట్టింది ఏప్రిల్‌లో! పుట్టకముందే మిస్సమ్మకు ఎట్లా తెలిసింది? రెండు రోజులు బుర్ర బద్దలుకొట్టుకున్నాక గుర్తొచ్చింది, అమెరికావాళ్లు నెల ముందు రాస్తారు. అది మే 3. ఇంగ్లండు మిస్సమ్మ అయితే మనలాగే రోజు ముందు రాస్తుంది. కాబట్టి ముందు ఆమె ఏ దేశమో తేల్చుకోండి.

ఇంకో చిక్కు. పాతవాళ్లు తేదీ పక్కన "ఇన్‌స్ట్", "అల్ట్", "ప్రాక్స్" అని పొట్టిగా రాస్తారు. ఈ నెల, పోయిన నెల, రాబోయే నెల అని అర్థం. "12 అల్ట్" అంటే ఉత్తరం రాసిన నెలకు ముందు నెల 12వ తేదీ. ఇది తెలియక పలమనేరు నుంచి వచ్చిన ఒక మాస్టారు "అల్ట్" అనేది ఊరి పేరనుకుని మ్యాపులో వెతికాడు పాపం.

ఏ ఆధారమూ లేకపోతే లోపలి కబుర్లే గతి. ఈస్టరు ఫలానా వారం అంటే ఏ ఏడాదో లెక్కకు దొరుకుతుంది. కరువు, గంజి కేంద్రాలు, తల్లిదండ్రులు లేని పిల్లలు గుంపులుగా వచ్చారు అని ఉంటే 1876–78 నాటి ధాత కరువేమో చూడండి. ఇంటింటికీ జ్వరం, వరసగా చావులు అంటే 1918 ఇన్‌ఫ్లుయెంజా కావచ్చు.

చేతిరాత

మొదటి రోజే అన్నీ చదివేయాలని టెన్షన్ పడకండి. ఒకరి చేతిరాత కంటికి అలవాటు కావడానికి మూడు నాలుగు ఉత్తరాలు పడుతుంది. సులభంగా ఉన్నదానితో మొదలుపెట్టండి. తెలిసిన మాటలు ముందు పట్టుకోండి: నెలల పేర్లు, ఊళ్ల పేర్లు, చివర్లో దీవెన వాక్యం. ఆ మాటల్లోంచి ఆమె ఏ అక్షరం ఎట్లా రాస్తుందో ఒక కాగితం మీద పట్టిక వేసుకోండి. నేను సార్టింగులో నేర్చుకున్న కిటుకు ఇదే. చెత్త చేతిరాత అడ్రసును ఎవరూ అక్షరం అక్షరం చదవరు, ఊరి పేరు ఆకారాన్ని బట్టి పట్టేస్తారు.

మన ఊళ్ల పేర్లు వాళ్ల నోటికి తిరిగినట్టు రాసుకునేవాళ్లు. తెలియని ఊరి పేరు వస్తే గట్టిగా పైకి చదవండి. కంటికి అందనిది చెవికి అందుతుంది.

1800ల ఉత్తరాల్లో అడ్డరాత ఒకటి వస్తుంది. టపా ఖర్చు బరువును బట్టి కదా, అందుకని పేజీ నిండాక కాగితాన్ని పక్కకు తిప్పి, రాసినదాని మీదే అడ్డంగా మళ్లీ రాసేవాళ్లు. చూడ్డానికి చాప అల్లినట్టుంటుంది. భయపడకండి. ఫొటోను తిప్పి, ఒక దిక్కు లైన్లు మాత్రమే ముందు మొత్తం ఎత్తి రాయండి. తర్వాత రెండో దిక్కు. రెండూ ఒకేసారి చదవాలని చూస్తే తలనొప్పి తప్ప ఏమీ మిగలదు.

అర్థం కాని మాట వస్తే ఊహించి రాసేయకండి. చుక్కలు పెట్టి వదిలేయండి. పదో ఉత్తరంలో అదే మాట స్పష్టంగా కనబడుతుంది, అప్పుడు వెనక్కి రావచ్చు.

ఎవరికి రాసింది?

మీ ఇంట్లో ఉత్తరాలేమీ లేకపోయినా చేయి తిప్పుకోవడానికి అచ్చయినవి ఉన్నాయి. నేను క్లారా స్వెయిన్ అనే అమెరికా మెథడిస్టు డాక్టరమ్మ ఉత్తరాలతో నేర్చుకున్నాను. "ఎ గ్లింప్స్ ఆఫ్ ఇండియా" అనే పేరుతో 1909లో న్యూయార్కులో అచ్చయ్యాయి. ఇంటర్నెట్‌లో స్కాన్ చేసిన ప్రతి ఉచితంగా దొరుకుతుంది.

క్లారా 1834లో న్యూయార్క్ రాష్ట్రంలో పుట్టింది. పెన్సిల్వేనియాలో ఆడవాళ్ల వైద్యకళాశాలలో 1869లో డాక్టరయింది. మన తొలి లేడీ డాక్టర్లలో ఒకరైన ఆనందీబాయి జోషి తర్వాత చదివింది కూడా ఆ కాలేజీలోనే. అదే 1869 మార్చిలో బోస్టన్‌లో మెథడిస్టు ఆడవాళ్లు కొందరు కలిసి విదేశీ మిషన్ సంఘం పెట్టుకున్నారు. ఆ సంఘం మొదట పంపిన ఇద్దరిలో క్లారా ఒకామె, ఇసబెల్లా థోబర్న్ రెండో ఆమె. నవంబరు 3న న్యూయార్కులో ఓడెక్కారు. రెండు వారాలకు సూయెజ్ కాలువ తెరిచారు. క్లారా ఉత్తరాదిలోని బరేలీ చేరింది 1870 జనవరి 20న. బొంబాయి నుంచి కలకత్తాకు రైలుదారి పూర్తిగా కలిసింది ఆ మార్చిలో. అంటే ప్రపంచం దగ్గరవుతున్న ఆ నెలల్లోనే, అది ఇంకా పూర్తిగా దగ్గర కాకముందే వచ్చిందన్నమాట. ఉత్తరాలు చదివేటప్పుడు ఇట్లాంటి సంగతులు పక్కన రాసుకుంటే, "ప్రయాణంలో అలసిపోయాను" అనే మాట వెనక ఎంత బండి ప్రయాణం ఉందో తెలుస్తుంది.

ఇప్పుడు అసలు విషయం. ఆ సంఘానికి డబ్బు ఎక్కడిది? వారానికి రెండు సెంట్లు, ఒక ప్రార్థన: అదీ వాళ్ల నినాదం. అమెరికా పల్లెల్లో ఇల్లాళ్లు గుడ్లు, వెన్న అమ్మిన చిల్లరలోంచి తీసిచ్చినట్టు ఊహించుకోండి. ఆ ఇల్లాళ్లకు ఒక పత్రిక వెళ్లేది. 1869లో మొదలైంది. దాని పేరు "హీదెన్ ఉమన్స్ ఫ్రెండ్", అంటే అన్యజన స్త్రీ స్నేహితురాలు. 1896లో గానీ ఆ "హీదెన్" మాట తీసేయలేదు. మిస్సమ్మలు పంపిన ఉత్తరాలు ఆ పత్రికలో అచ్చయ్యేవి.

కాబట్టి ఒకే మనిషి ఒకే వారంలో రెండు ఉత్తరాలు రాస్తే అవి రెండు రకాలుగా ఉంటాయి. చందా ఇచ్చేవాళ్లకు రాసినదాంట్లో ఎంతమంది రోగులు వచ్చారు, ఎంతమంది పిల్లలు చేరారు, ఏం కావాలి అన్న లెక్క ఉంటుంది, ఇక్కడి ఆడవాళ్ల కష్టం కాస్త ముదురు రంగులో ఉంటుంది. రంగు ముదురుగా లేకపోతే రెండు సెంట్లు రాలవు మరి. అక్కకో తమ్ముడికో రాసినదాంట్లో ఎండ, పంటినొప్పి, బూజు పట్టిన బూట్లు, మామిడిపళ్లు ఉంటాయి. మొదటిది అబద్ధమనీ రెండోది నిజమనీ కాదు నేననేది. మన ఆడపిల్లలు అత్తగారింటి నుంచి నాన్నకు ఒకలాగ, స్నేహితురాలికి ఒకలాగ రాయరూ? రెండూ ఆ పిల్ల రాసినవే.

మా అమ్మ దగ్గరున్న ఉత్తరాల్లో మిస్సమ్మ ఒకచోట, వేలూరులో తన మొదటి ఏడాది రోజూ రాత్రి ఏడ్చేదాన్నని రాసింది. అదే ఏడాది గురించి ఆమె ఒక చర్చి పత్రికకు రాసిన వ్యాసం నాకు తర్వాత దొరికింది. అందులో ఏడుపు ఊసే లేదు, "మా చిన్న తెలుగు నర్సు" అని ఒకమ్మాయి మాత్రం ఉంది, పేరు లేకుండా. వర్ణన చూస్తే మా అమ్మే. అమ్మకు రాసిన ఉత్తరాల్లోనేమో ప్రతిసారీ పూర్తి పేరు, ఇంటిపేరుతో సహా.

క్లారా పుస్తకం చదివేటప్పుడు ఇంకో జాగ్రత్త. పుస్తకం మొదట్లోనే చెప్పారు, ఇవి ఉత్తరాల్లోంచి తీసిన భాగాలని. అంటే ఎవరో కత్తెర పట్టారు. నేను పట్టినట్టే, కాస్త మంచి ఉద్దేశంతో. ఎక్కడ కత్తిరించారో కనిపెట్టడం మంచి ఆట. విషయం హఠాత్తుగా మారినచోట, నెలల తరబడి ఉత్తరం లేనిచోట పెన్సిల్ గీత పెట్టుకోండి.

చదివి, ఎవరికి రాసిందో ఆలోచించడానికి రెండు చక్కని సందర్భాలు చెబుతాను. ఇసబెల్లా అన్న జేమ్స్ అప్పటికే ఇక్కడ మిషనరీ. ఒకరోజు గుడారం దగ్గర రాబందు ఈక ఒకటి దొరికితే, దాన్ని కలంగా చెక్కి, సరదాకి దానితోనే ఆమెకు ఉత్తరం రాశాడు. రాస్తూ రాస్తూ, ఆడపిల్లల బడి పెడితే వచ్చి చూసుకుంటావా అని అడిగాడు. తిరుగు టపాలో వస్తానని జవాబొచ్చింది. ఆ ఉత్తరాన్ని ఆఫీసు కాగితంలా చదివితే ఒక ప్రతిపాదన, అంతే. అన్న రాబందు ఈకతో రాసిన ఉత్తరంగా చదివితే ఆమె ఎందుకంత తొందరగా ఒప్పుకుందో కొంచెం తెలుస్తుంది. ఆమె 1870 ఏప్రిల్ 18న లక్నోలో ఆరుగురు పిల్లలతో మొదలుపెట్టిన బడి తర్వాత కాలేజీ అయింది, ఈరోజుకీ ఆమె పేరుతోనే ఉంది. లక్నోలోనే 1901లో కలరాతో పోయింది.

రెండోది క్లారాదే. బరేలీలో ఆసుపత్రికి స్థలం కావాలని రాంపూర్ నవాబును అడిగితే, 1871లో ఆయన తన తోటనూ భవనాన్నీ ఉచితంగా ఇచ్చేశాడు. 1874లో ఆసుపత్రి మొదలైంది. 1885లో రాజస్థాన్‌లోని ఖేత్రీ రాణికి వైద్యం చేయడానికి వెళ్లి చాలా ఏళ్లు అక్కడే ఉండిపోయింది. ఆ ఖేత్రీ రాజు అజిత్ సింగ్ ఎవరో తెలుసా? వివేకానందుణ్ణి చికాగోకు పంపడంలో సాయం చేసిన ఆయనే. ఖేత్రీ నుంచి అమెరికాకు ఈమె ఉత్తరాలు, అమెరికా నుంచి ఖేత్రీకి స్వామీజీ ఉత్తరాలు! ఆ టపాసంచీలు దారిలో ఎక్కడో ఒకచోట ఎదురుపడే ఉంటాయి. రెండువైపులవీ పక్కపక్కన పెట్టుకుని చదవండి, ఎవరు ఎవరికి ఏ దేశం గురించి ఎట్లా చెబుతున్నారో చూడండి. నేను ఆ వారం రాత్రిళ్లు సరిగ్గా నిద్రపోలేదు.

జీవితం రాయడం

ఒక పొడుగు పద్దుల పుస్తకం కొనండి. నిలువు గీతలు కొట్టి తేదీ, రాసిన ఊరు, ఎవరికి, ముఖ్యవిషయం, చేరిన తేదీ అని వరసలు పెట్టండి. ఒక్కో ఉత్తరానికి ఒక్కో లైను. ఇది నింపాక ఆమె జీవితం దానంతటదే కనబడుతుంది, ఖాళీలతో సహా. క్లారాకు 1876 నుంచి 1879 దాకా ఖాళీ కనిపిస్తే కంగారుపడకండి, ఆరోగ్యం బాగాలేక ఫర్లో (మిషనరీలకిచ్చే పొడుగు సెలవు) మీద ఇంటికెళ్లింది. ఇంట్లో ఉన్న మనిషి ఇంటికి ఉత్తరం రాయదు కదా.

సగం సంభాషణే మన చేతిలో ఉంటుందని మరిచిపోవద్దు. అమ్మ రాసిన జవాబులు అమెరికాలో ఎక్కడున్నాయో, అసలు ఉన్నాయో లేదో. కానీ మిస్సమ్మ జవాబుల్లోంచి అమ్మ ప్రశ్నలు ఊహించవచ్చు. "నువ్వడిగిన స్వెటర్ నమూనా పంపుతున్నాను" అని ఉంటే అమ్మ అడిగినట్టే. అట్లా ఊహించినవన్నీ వేరే రంగు పెన్నుతో రాసుకోండి, తర్వాత నిజంతో కలిసిపోకుండా.

ఇంకా సమాచారం కావాలంటే, మీ మిస్సమ్మ ఏ మెథడిస్టో ముందు తేల్చండి. ఇంగ్లండు వెస్లియన్లు వేరు, అమెరికా మెథడిస్టులు వేరు. వెస్లియన్లు 1947 సెప్టెంబరులో సి.ఎస్.ఐ.లో (చర్చ్ ఆఫ్ సౌత్ ఇండియాలో) కలిసిపోయారు, అమెరికా మెథడిస్టులు కలవలేదు. మెదక్ పెద్దగుడి వెస్లియన్లది, ఆ కాగితాలు లండన్‌లో సోయాస్ అనే యూనివర్సిటీ లైబ్రరీలో ఉన్నాయి. అమెరికావాళ్ల కాగితాలు న్యూజెర్సీలో డ్రూ యూనివర్సిటీ దగ్గర. మనకు దగ్గరగా బెంగళూరులో యునైటెడ్ థియలాజికల్ కాలేజీలో ఆర్కైవ్స్ ఉంది. ముందుగా మెయిల్ పెట్టి, ఏం చూడాలో రాసి, ఒప్పుకున్నాకే బస్సెక్కండి.

అచ్చు వేయాలంటే ఒక మాట. ఉత్తరం కాగితం మీది, అందులో మాటలు రాసినవాళ్లవి. కాబట్టి రాసినావిడ వారసుల అనుమతి అడగండి. నేను మిస్సమ్మ తమ్ముడి కూతురికి రాసి అడిగాను, నాలుగు నెలలకు జవాబొచ్చింది. క్లారా ఉత్తరాలు 1909లోనే అచ్చయ్యాయి, ఆమె 1910 క్రిస్మస్ రోజున పోయింది కాబట్టి ఆ బాధ లేదు.

తెలుగులోకి తెచ్చేటప్పుడు

"హీదెన్" అనే మాట వస్తే తీసేయాలనిపిస్తుంది. తీయకండి. తెలుగు బైబిల్లో ఉన్న "అన్యజనులు" అనే మాట పెట్టండి. ఆమె అన్నది అన్నట్టే ఉండాలి, చదివేవాళ్లకు కోపం రావాలంటే రానివ్వండి. అట్లాగే "డిస్పెన్సరీ", "ఫర్లో", "కాంపౌండ్" లాంటివి మన అవ్వలు వాడిన మాటలే, వాటిని సంస్కృతం చేయనక్కర్లేదు. "జెనానా"ను మాత్రం ఒక వాక్యంలో వివరించాలి, ఘోషా పాటించే ఇళ్లలో ఆడవాళ్లుండే లోపలి భాగమని. అది తెలియకపోతే లేడీ డాక్టరు ఎందుకు కావలసి వచ్చిందో అర్థం కాదు. పరాయి మగవాడు నాడి పట్టుకోకూడదు, డాక్టరైనా సరే.

పేరు లేని మనుషుల దగ్గర ఎక్కువసేపు ఆగండి. "నా ఆయా", "మా మున్షీ" (భాష నేర్పే పంతులు), "ఒక క్రైస్తవ విధవ" అంటూ వచ్చే ప్రతిమనిషినీ పద్దుపుస్తకంలో వేరే పేజీలో ఎక్కించండి. ఇంకో ఉత్తరంలో పేరు దొరకొచ్చు. రిపోర్టుల్లో, చర్చి బాప్తిస్మ రిజిస్టర్లలో దొరకొచ్చు.

చివరిగా, అచ్చుకు ఇవ్వకముందు మొత్తం పైకి చదివి పెద్దవాళ్లకు వినిపించండి. నేను మా స్త్రీల మైత్రిలో ఒక శనివారం సాయంత్రం చదివాను. మిస్సమ్మలతోపాటు ఇళ్లకు వెళ్లే మన ఆడవాళ్లను ఇంగ్లీషు కాగితాల్లో "నేటివ్ హెల్పర్" అని రాసేవాళ్లు. నేను దాన్ని "పనిమనిషి" అని తెలుగు చేశాను. రెండు పేజీలు చదివేసరికి వెనక బెంచీలోంచి ఎనభై ఏళ్లు దాటిన ఒకామె చేయెత్తింది.

"మా అవ్వ పనిమనిషా పాపా? బైబిలు స్త్రీ ఆమె. నెలనెలా జీతం తీసుకునేది. దొరసానికి మాట రాక బండిలో కూర్చోనుంటే, మా అవ్వ ముందు లోపలికి పోయి, మాట్లాడి, అప్పుడు పిల్చేది. చదువురాని ఇళ్లల్లో అక్షరాలు నేర్పింది మా అవ్వ. పనిమనిషంట!"

అందరూ నావైపు చూశారు. నేను పెన్సిల్ అడిగాను. ఇంటికొచ్చి వెతికితే ఆ మాట పదకొండు చోట్ల ఉంది. పదకొండూ దిద్ది, ఆమె అవ్వ పేరు కనుక్కోవడానికి మరుసటి ఆదివారం మళ్లీ ఆ వెనక బెంచీకే వెళ్లి కూర్చున్నాను.